పశువ్యాధుల నివారణ – ఇల్లాలికి చేరని కబురు

మన కర్మాగారం పరిసర గ్రామాలలో సంస్థ నిర్వహించే సేవా కార్యక్రమాలలో పశువైద్య శిబిరం ఒకటి. కొన్నేళ్ళ క్రితం ఒక వర్షాకాలంలో అటువంటి శిబిరానికి కావలసిన ఏర్పాట్లు మా విభాగానికి అప్పగించారు. పశువులను గురించి మాకు తెలిసినది బహు స్వల్పం. టీకా మందును చెడకుండా గ్రామానికి చేర్చే పని మాత్రం మా వంటి ఇంజనీర్లకు కొత్త కాదు. వేడి ఎటునుంచి లోపలికి వస్తుంది, మంచు ఎంతసేపు నిలుస్తుంది, పెట్టె మూత ఎన్నిసార్లు తెరవవచ్చు అనే లెక్కలు వేసి, ఐస్ బాక్సులలో ఉష్ణమాపకాలు అమర్చి, మందును 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచగలిగాము. సాయంత్రం పెట్టెలు తిరిగి వచ్చినప్పుడు కూడా ముల్లు ఆ గీతల మధ్యనే ఉన్నది. అందుకు మేము సంతోషించాము. అయితే సీసాలలో సగానికి పైగా సీలు విప్పకుండానే తిరిగి వచ్చాయి.

నెల తిరగకముందే ఆ గ్రామ శివారు వాడలో మేకలకు పి.పి.ఆర్. సోకింది. మన రైతులు పారుడు రోగమని పిలిచేది ఇదే. జ్వరం, ముక్కు కళ్ళ వెంట స్రావం, నోటిలో పుండ్లు, ఆపై ఆగని విరేచనాలు. చివరికి ఊపిరితిత్తులు దెబ్బతిని జీవాలు వరుసగా పడిపోతాయి. ఆ వాడలో ఒక ఇల్లాలికి ఆరు మేకలుండేవి. నాలుగు చనిపోయాయి. వాటిలో రెండింటిని మహిళా సంఘం అప్పుతో కొన్నది. మరి రెండు వేరొకరివి, పాలుకు పెంచుతున్నవి. మేక పోయినా సంఘంలో కంతు ఆగదు. పాలుకు ఇచ్చిన ఆసామి అడగక మానడు. సంగతి తెలిసి మేము పశువైద్యునితో కలిసి వెళ్ళాము. శిబిరం నాడు జీవాలను ఎందుకు తీసుకురాలేదమ్మా అని మాలో ఒకరు అడిగారు.

“మీరొచ్చిన సంగతి మాకెవరు చెప్పిండ్రు సారూ? మేమంతా నాట్లకు పోయినం. మా ఇంటాయన పట్నంల పనికి పోయిండు. దండోరా ఏసినా ఇంట్ల ఇనేటోళ్ళెవరు?” అన్నది ఆమె.

మా వద్ద జవాబు లేదు. పెట్టెలో ఏ గంటకు ఎన్ని డిగ్రీలున్నదో రాసిన కాగితం మా ఫైలులో ఉన్నది. ఆ ఊరిలో జీవాలను చూసేవారెవరు, వారు ఏ వేళకు ఇంట ఉంటారు అని రాసిన కాగితం లేదు. శిబిరాన్ని ఉదయం పది గంటలకు గుడి ఆవరణలో పెట్టించినది మేమే. ఆ వేళకు జీవాలు మేతకు పోయి ఉంటాయి. పైగా శివారు వాడవారు ఆ ఆవరణలోకి మేకలను తోలుకొని రావడానికి సంకోచిస్తారన్న సంగతి మా ఊహకు అందలేదు. ఊరి పెద్దలెవరూ ప్రస్తావించనూ లేదు.

ఆనాటినుంచి ఈ విషయమై తెలుసుకున్న సంగతులను మన పాఠకులతో పంచుకోవాలని ఈ వ్యాసం.

ఎవరి సొత్తు, ఎవరి చాకిరి

2019 నాటి 20వ పశుగణన ప్రకారం మన దేశంలో ఆవులు, ఎద్దులు కలిపి సుమారు 19.3 కోట్లు, గేదె జాతి సుమారు 11 కోట్లు, మేకలు 14.9 కోట్లు, గొర్రెలు 7.4 కోట్లు ఉన్నాయి. పెరటి కోళ్ళు 31 కోట్లకు పైమాటే. గొర్రెల సంఖ్యలో తెలంగాణది మొదటి స్థానం, ఆంధ్రప్రదేశ్‌ది రెండవది. ఈ సంపదలో అధిక భాగం ఒకటి రెండు పశువులో, నాలుగైదు జీవాలో, గంప కింద కమ్మే పది కోళ్ళో గల చిన్న కుటుంబాలదే.

ఈ కుటుంబాలలో చాకిరీ పంపిణీ ఏ ఊళ్ళో చూసినా ఇంచుమించు ఒకే తీరుగా ఉంటుంది. గడ్డి కోసి మోసుకు రావడం, కుడితి పెట్టడం, పేడ ఎత్తడం, పాలు పితకడం, దూడను సాకడం, ఈనిన పశువుకు పురుడు పోయడం వంటివన్నీ ఆడవారి వంతు. ఎద్దులను కట్టడం, సంతకు తోలడం, ఆసుపత్రికి తీసుకువెళ్ళడం, బేరం చేయడం మగవారి వంతు. పాల కేంద్రంలో సభ్యత్వం, బ్యాంకు పాసు పుస్తకం, బీమా పత్రం ఎక్కువచోట్ల ఇంటి యజమాని పేరనే ఉంటాయి. కోళ్ళు, మేకలు మాత్రం ఇల్లాలి సొమ్ముగా చెల్లుబాటు అవుతాయి. పిల్లవాడి పుస్తకాలకో, జ్వరం మందుకో, పుట్టింటి పండుగ ఖర్చుకో ఆమె ఎవరినీ అడగకుండా అమ్ముకోగలిగినవి ఇవే.

రోగం మొదటి అడుగు వేసినప్పుడు పసిగట్టేది కూడా ఆమే. తొట్టిలో కుడితి మిగిలినా, నెమరు ఆగినా, ముట్టె మీద చెమ్మ ఆరినా, చెంబులో పాలు రెండు వేళ్ళు తగ్గినా ముందుగా ఆమెకే తెలుస్తుంది. ఆ మాట మగవారికి చేరి, ఆయనకు తీరిక దొరికి, పశువైద్యశాలకు కబురు వెళ్ళేసరికి ఒకటి రెండు రోజులు గడుస్తాయి. గాలికుంటు వంటి వ్యాధికి ఒక్క రోజు చాలు, పక్క కొట్టానికి ప్రాకడానికి. 1962 నంబరుకు ఫోను చేస్తే సంచార పశువైద్య వాహనం ఊరికే వచ్చే సౌకర్యం ఇప్పుడు ఉన్నది. ఆ ఫోను పగటిపూట ఎవరి జేబులో ఉంటుందో మన పాఠకులే ఊహించవచ్చు.

పశువైద్యుడు వచ్చినప్పుడు మాట్లాడేది మళ్ళీ ఇంటాయనతోనే. ఎన్నాళ్ళనుంచి మేత ముట్టడం లేదని అడిగితే ఆయన లోపలికి తిరిగి, “ఏమే, ఎన్నాళ్ళయింది?” అని కేక వేస్తాడు. ఈ దృశ్యం మేము ఎన్నోసార్లు చూశాము. ఉత్తరాదిలోను, మన పొరుగు దేశాలలోను పరదా ఆచారం గట్టిగా ఉన్న ప్రాంతాలలో ఆ కేకకు జవాబు కూడా గుమ్మం దాటి వినబడదు. నేపాల్ కొండ గ్రామాలలో పరిస్థితి వేరు. అక్కడి మగవారు గల్ఫ్ దేశాలకు, మన దేశానికి వలస పోగా పశువులను గురించిన నిర్ణయాలన్నీ ఇంట ఉన్న స్త్రీల మీదనే పడ్డాయి. పెత్తనం చేతికి వచ్చినా శిక్షణ రాకపోతే వచ్చే చిక్కులు వేరే ఉంటాయి.

వంద డోసుల సీసా

సాంకేతిక విషయాలంటే మాకు సహజంగా ఉన్న మక్కువ వలన ఈ భాగం కొంత పెద్దదైతే పాఠకులు మన్నించాలి.

పి.పి.ఆర్. టీకా మంచి మందు. మన దేశంలో విరివిగా వాడే ‘సుంగ్రి 96’ రకాన్ని భారత పశువైద్య పరిశోధనా సంస్థ ముక్తేశ్వర్ కేంద్రంలో రూపొందించారు. చర్మం కింద ఒక్క మిల్లీలీటరు వేస్తే కనీసం మూడేళ్ళు రక్షణ. ఈ మందు పొడి రూపంలో వస్తుంది. ద్రావణంతో కలిపిన తరువాత కొద్ది గంటలలోనే వాడివేయాలి, మిగిలినది పారబోయవలసిందే. సీసాలు సాధారణంగా ఇరవై అయిదు, యాభై, వంద డోసులవి. వంద గొర్రెల మంద గల కాపరికి ఇది అనుకూలమే. మూడు మేకలు గల ఇల్లాలి గడప ముందు వంద డోసుల సీసా విప్పడానికి ఏ ఉద్యోగికి చేయి వస్తుంది? తొంభై ఏడు డోసులు వృథా అయితే లెక్క చెప్పవలసినది అతడే. కనుక పెద్ద మందలవైపు నడుస్తాడు. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. అయినా ఫలితం మాత్రం పేద ఇల్లాలి మీదనే పడుతున్నది.

కోళ్ళ విషయంలో ఇది మరీ స్పష్టం. కొక్కెర తెగులుకు మన పుస్తకాలలో రాణిఖేత్ వ్యాధి అని పేరు. కుమావూ కొండలలోని ఆ ఊరి పేరు మీదుగా వచ్చినది. ఈ తెగులు వచ్చిందంటే పెరట్లోని కోళ్ళన్నీ రెండు మూడు రోజులలో తుడిచిపెట్టుకుపోతాయి. పిల్లలకు కంట్లోనో ముక్కులోనో చుక్క, ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో రెక్క కింద సూది వేస్తే చాలావరకు నివారించవచ్చు. అయితే ఈ మందు వందలు, వేల డోసుల సీసాలలో కోళ్ళ ఫారాల అవసరానికి తగినట్లు తయారవుతున్నది. వేడిని కొంత తట్టుకునే ‘ఐ-2’ అనే రకాన్ని ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు గ్రామీణ కోళ్ళ కోసమే రూపొందించారు. తడిగుడ్డ చుట్టి బుట్టలో పెట్టుకొని ఊరూరా తిరిగి వేయవచ్చు. మా ఐస్ బాక్సుల మీద మాకున్న అభిమానం ఈ సంగతి తెలిసిన తరువాత కొంత తగ్గిందని ఒప్పుకోవాలి.

బంగ్లాదేశ్‌లో ‘బ్రాక్’ అనే స్వచ్ఛంద సంస్థ 1980 దశకంలో ప్రభుత్వ పశుసంవర్ధక శాఖతో కలిసి ఈ చిక్కును మరో విధంగా విప్పింది. ఊరికి ఒకరు చొప్పున పేద స్త్రీలను ఎంచి, కోళ్ళకు టీకా వేయడంలో శిక్షణ ఇచ్చారు. మందు ప్రభుత్వం ఇచ్చేది. వేసిన ఒక్కొక్క కోడికి ఆమె కొద్దిపాటి రుసుము తీసుకునేది. తెల్లవారకముందు కోళ్ళు గూటిలో ఉండగానే ఇరుగు పొరుగు పెరళ్ళన్నిటిలో ఒకేసారి పని ముగించగలిగితే పెద్ద సీసా కూడా వృథా కాదు. పది ఇళ్ళ కోళ్ళు కలిస్తే వంద అవుతాయి కదా! ఇంతటి తేలిక లెక్క మాకు మొదట తట్టలేదు.

రిండర్‌పెస్ట్ నేర్పినది

మశూచి తరువాత లోకం నుంచి పూర్తిగా తొలగించబడిన రెండవ వ్యాధి పశువులది. రిండర్‌పెస్ట్ అనే ఆ మహమ్మారి శతాబ్దాల పాటు ఆసియా, ఐరోపా, ఆఫ్రికాలలో పశుసంపదను నాశనం చేసింది. మన దేశంలో దాని నిర్మూలన కార్యక్రమం 1954లో మొదలయింది. టీకా ఉన్నది, సిబ్బంది ఉన్నారు, కోట్ల డోసులు వేశారు. అయినా వ్యాధి అక్కడక్కడ పొంచి ఉండి నాలుగు దశాబ్దాలు పీడించింది. 1990 దశకంలో మరింత పట్టుదలతో కొత్త పథకం చేపట్టగా 1995తో చివరి కేసులు ముగిశాయి. 2006లో భారతదేశానికి, 2011లో మొత్తం ప్రపంచానికి ఆ వ్యాధినుంచి విముక్తి ప్రకటించారు.

ఆ పోరాటంలో చివరి ఘట్టం ఆఫ్రికాలో, సూడాన్ దక్షిణ భాగంలోను ఇథియోపియాలోని అఫార్ ఎడారిలోను జరిగింది. ప్రభుత్వ వాహనాలు చేరలేని ఆ ప్రాంతాలలో పశుపోషకులలోనుంచే కొందరిని ఎన్నుకొని శిక్షణ ఇచ్చారు. శీతల పెట్టె లేకుండా నెల రోజుల వరకు నిలిచే టీకాను వారి చేతికిచ్చారు. మంద ఎప్పుడు ఏ నీటి చెలమ వద్దకు వస్తుందో వారికి తెలుసు. మందు నిలవ ఉండే గుణం, మనుషుల ఎరుక, ఈ రెండూ కలిసినచోట పని పూర్తయింది.

ఇప్పుడు పి.పి.ఆర్.ను కూడా 2030 నాటికి లోకం నుంచి తొలగించాలని అంతర్జాతీయ సంస్థలు సంకల్పించాయి. మన దేశంలో గాలికుంటు, బ్రూసెల్లోసిస్ వ్యాధుల అదుపు కొరకు 2019 సెప్టెంబరులో మధురలో జాతీయ కార్యక్రమాన్ని ప్రారంభించారు. ఐదేళ్ళకు దాని అంచనా వ్యయం 13,343 కోట్ల రూపాయలు. గాలికుంటు టీకా రక్షణ ఆరు నెలలకు మించదు కనుక ఏటా రెండుసార్లు ప్రతి కొట్టానికి వెళ్ళాలి. రిండర్‌పెస్ట్ టీకా ఒకసారి వేస్తే పశువు బ్రతికినంతకాలం పనిచేసేది. ఆ సౌలభ్యం ఇక్కడ లేదు. ఏడాదికి రెండుసార్లు తలుపు తట్టేవారిని ఇంటివారు నమ్మాలి.

ఆ నమ్మకం ఎక్కడ సడలుతుందో కూడా చూశాము. టీకా వేసిన తరువాత రెండు మూడు రోజులు పాలు తగ్గవచ్చు. సూది పడినచోట వాపు రావచ్చు. కేంద్రంలో పాలు తక్కువ పోసినందుకు మాటలు పడేది ఇల్లాలే. చూడి పశువుకు సూది వేస్తే ఈసుకుపోతుందన్న భయం ఆమెకే ఎక్కువ, ఎందుకనగా పది నెలలు దానిని మేపినది ఆమె. ముందుగా ఎవరైనా కూర్చుండి చెబితే ఒప్పుకునే ఇల్లాలు, ఎవరూ చెప్పకుండా సూదితో వచ్చిన బృందాన్ని చూసి గేదెను దొడ్డిదారిన తోలివేస్తుంది. పైఅధికారుల నివేదికలలో దీనికి ‘రైతుల అజ్ఞానం’ అని పేరు పెడుతుంటారు. మా అనుభవంలో ఇది తన లెక్క తాను వేసుకున్న మనిషి చేసే పనే.

2006 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని నవాపూర్‌లో, తిరిగి 2008 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లోని బీర్భూం జిల్లా మొదలుకొని పలు జిల్లాలలో కోళ్ళకు బర్డ్ ఫ్లూ సోకినప్పుడు లక్షల కొలది కోళ్ళను చంపివేయవలసి వచ్చింది. బెంగాల్ పల్లెలలో కొందరు కోళ్ళను దాచిపెట్టారు. పరిహారం ఎప్పుడు వస్తుందో, ఎవరి చేతికి వస్తుందో తెలియనప్పుడు, తన చేతిలో ఉన్న ఒక్క ఆస్తిని గోనెసంచిలోకి ఎవరు మాత్రం సంతోషంగా విడుస్తారు? దాచిన ఒక్క కోడి చాలు, చేసిన శ్రమ అంతా వ్యర్థం కావడానికి.

పాలు పోసే చేతులు

మన కాలనీ క్వార్టర్లకు ఉదయం పాలు వచ్చేది ఈ గ్రామాలనుంచే. కనుక బ్రూసెల్లోసిస్ గురించి నాలుగు మాటలు చెప్పడం అవసరం. ఈ వ్యాధి సోకిన పశువు చూడి చివరి నెలలలో ఈసుకుపోతుంది. మాయ సరిగా పడదు. ఆ పిండాన్ని, మాయను వట్టి చేతులతో తీసి పారవేసేది, ఆ తరువాత కొట్టం కడిగేది సాధారణంగా స్త్రీలు. క్రిములు చేతి గీతలనుంచి లోపలికి పోతాయి. విడిచి విడిచి వచ్చే జ్వరం, కీళ్ళ నొప్పులు, నీరసం నెలల తరబడి పీడిస్తాయి. మలేరియా అనో, పని అలసట అనో మాత్రలు మింగి ఊరుకుంటారు. పశువును ఆసుపత్రికి తోలుకొనిపోయే ఇంటిలో కూడా ఇల్లాలిని ఆసుపత్రికి తీసుకుపోవడం ఆలస్యమవుతుంది.

నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసు గల పెయ్యదూడలకు ఒక్కసారి టీకా వేస్తే ఈ వ్యాధికి చాలావరకు కళ్ళెం పడుతుంది. మాయ తీసేటప్పుడు చేతి తొడుగు, తీసిన దానిని సున్నం చల్లి లోతుగా పూడ్చడం, పాలను బాగా కాచి తాగడం తప్పనిసరి. చేతి తొడుగులు మన స్టోర్సులో ఎన్ని రకాలుంటాయో మనకు తెలుసు. కొట్టంలో ఒక్కటి ఉండదు.

దొమ్మ రోగంతో చనిపోయిన పశువు సంగతి ఇంకా కష్టం. దానిని కోయరాదు, తినరాదు, తోలు ఒలవరాదు అని పశువైద్యులు చెబుతారు. ఏడాదిలో మాంసం అరుదుగా దొరికే ఇళ్ళకు, చచ్చిన పశువును తరతరాలుగా మోయవలసి వచ్చిన కులాలవారికి ఆ మాట ఊరివారు చెప్పే పద్ధతి వేరుగా ఉంటుంది. లోతుగా పూడ్చడానికి గుంత తవ్వే కూలీ ఎవరిస్తారన్న ప్రశ్నకు చాలా పంచాయతీలలో జవాబు ఉండదు.

పశుసఖి

జార్ఖండ్, బీహార్, ఉత్తరప్రదేశ్ మొదలైన రాష్ట్రాలలో మహిళా సంఘాలనుంచి ‘పశుసఖి’ అనే పేరుతో స్త్రీలను ఎంచి మేకలకు నట్టల మందు త్రాగించడం, టీకాలకు సాయపడడం, మొదటి చికిత్స చేయడం నేర్పుతున్నారు. 2022లో కేంద్ర ప్రభుత్వం ‘ఎ-హెల్ప్’ అనే పథకంతో ఇటువంటివారిని పశువైద్య శాఖకూ రైతుకూ మధ్య గుర్తింపు గల కార్యకర్తలుగా చేయడానికి పూనుకున్నది. మన తెలుగునాట 1990 దశకం నుంచే ‘ఆంత్ర’ వంటి సంస్థలు, మహిళా పశువైద్యుల చొరవతో, ఆదివాసీ గ్రామాలలో స్త్రీలకు పశువైద్యంలో శిక్షణ ఇస్తూ వచ్చాయి. పటిక నీళ్ళతో పుండ్లు కడిగి, వేపనూనె, పసుపు రాసే మన పెద్దవారి వైద్యాన్ని ఈ సంస్థలు తోసిపుచ్చలేదు. టీకా చేసే పని అది చేయలేదని మాత్రం నచ్చజెప్పాయి.

ఇందులో ఇబ్బందులు లేకపోలేదు. పశుసఖికి వచ్చే రుసుము తక్కువ. పొరుగింటివారి వద్ద డబ్బు అడగడానికి మొగమాటం. పై వాడలోని మగవారు ఆమె చేతి సూదిని నమ్మరు. కోళ్ళకైతే సరే, గేదెకు మాత్రం డాక్టరు రావాలంటారు. ఇంటి పని, పొలం పని తగ్గించకుండా మూడవ పని ఆమె నెత్తిన పెట్టడమే అవుతున్నదని విమర్శించేవారున్నారు. ఆ విమర్శలో నిజం లేదని మేము అనలేము.

మా రెండవ శిబిరం మరుసటి ఏడాది జరిగింది. ఈసారి తేదీని మేము నిర్ణయించలేదు. మహిళా సంఘం నెలసరి సమావేశంలో పశువైద్యురాలు వెళ్ళి కూర్చున్నది. నాట్లు ముగిసిన తరువాత, తెల్లవారి అయిదున్నరకు మొదలుపెట్టమని వారు కోరారు. గుడి ఆవరణ బదులు శివారు వాడలోని చింతచెట్టు కింద మొదలై, అక్కడినుంచి ఊరిలోకి నడవాలని తీర్మానించారు. ఆ వేళకు వాహనం నడిపేవారు, ఐస్ సరఫరా చేసేవారు దొరకడానికి మా విభాగం కొంత తంటాలు పడిన మాట వాస్తవం. ఓవర్‌టైము విషయమై అకౌంట్సు విభాగంతో జరిగిన ఉత్తర ప్రత్యుత్తరాలను ఇక్కడ వివరించబోము. సంఘంవారు ముందు రోజే ఇంటింటికీ తిరిగి జీవాలు లెక్కపెట్టి చీటీ ఇచ్చారు. ఏ వాడలో ఏ సీసా విప్పాలో ఆ చీటీని బట్టి నిర్ణయించాము. ఎనిమిదిన్నరకల్లా పని ముగిసింది. విప్పని సీసాలు మూడు మాత్రమే తిరిగి వచ్చాయి.

నాలుగు మేకలు పోగొట్టుకున్న ఆ ఇల్లాలు ఆ ఉదయం మా ఐస్ బాక్సు పట్టుకొని వాడంతా తిరిగింది. పాత అప్పు ఇంకా తీరలేదట. అయినా సంఘంలో మరికొంత తీసుకొని రెండు మేకలు కొన్నది. ఈసారి వాటికి బీమా చేయించింది. రెండింటి చెవులకూ పోగులున్నాయి. బీమా కాగితాన్ని మాకు చూపించింది. అందులో యజమాని పేరు దగ్గర ఆమె భర్త పేరున్నది. దానిని మార్పించడానికి ఏమి చేయాలని అడిగింది. కనుక్కొని చెబుతామన్నాము, సంబంధిత కార్యాలయానికి రెండుసార్లు వెళ్ళాము. ఇంకా మారలేదు.